గుణచిత్ర నటనకు గుర్తింపు: జకార్తా ఎస్వీ రంగారావును సత్కరించిన వేళ ఢిల్లీలో నటులకు పురస్కారమే లేదు

1964లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవం జరిగింది. 'నర్తనశాల'లో కీచకుడి పాత్ర పోషించిన ఎస్వీ రంగారావు అక్కడ ఉత్తమ నటుడిగా పురస్కారం అందుకున్నారు. భారత ప్రభుత్వం జాతీయ చలనచిత్ర పురస్కారాలను ప్రారంభించి అప్పటికి పదేళ్లయింది. అయినా ఢిల్లీలో ప్రదానం చేసే ఆ పురస్కారాలలో నటీనటులకు ప్రత్యేక విభాగం లేదు. చిత్రాలకే తప్ప నటనకు జాతీయ స్థాయి బహుమతి లేని కాలమది.

రంగారావు 1918 జులై 3న నాటి కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించారు. పట్టభద్రుడైన అనంతరం అగ్నిమాపక శాఖలో పనిచేస్తూనే నాటకరంగంపై మక్కువ పెంచుకున్నారు. తొలి చిత్రం 'వరూధిని' 1947లో విడుదలైంది. అందులో ఆయనదే కథానాయక పాత్ర. చిత్రం విజయం సాధించకపోవడంతో జంషెడ్‌పూర్ వెళ్లి టాటా సంస్థలో ఉద్యోగంలో చేరారు. తిరిగి మద్రాసు చేరాక ఆయనను నిలబెట్టినవి కథానాయక పాత్రలు కావు. 1950లో 'షావుకారు' చిత్రంలోని సున్నం రంగడు, 1951లో 'పాతాళభైరవి'లోని నేపాళ మాంత్రికుడు ఆయనకు స్థిరమైన స్థానం సంపాదించిపెట్టారు. 1952లో దేశంలో తొలిసారిగా జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైన భారతీయ చిత్రాలలో 'పాతాళభైరవి' ఒకటి. బొంబాయిలో ప్రారంభమైన ఆ ఉత్సవం ఢిల్లీకీ వచ్చింది.

గుణచిత్ర నటుడు అంటే ఎవరు? పరిశ్రమ వాడుకలో క్యారెక్టర్ ఆర్టిస్టు. తన రూపాన్ని, వయసును, స్వరాన్ని పాత్రకు అప్పగించి, చూసేవారికి ఆ పాత్రే గుర్తుండేలా చేసే నటుడని స్థూలంగా చెప్పవచ్చు. 1953 నాటి 'దేవదాసు'లో అక్కినేని నాగేశ్వరరావుకు తండ్రిగా నటించినప్పుడు రంగారావుకు 35 ఏళ్లు కూడా నిండలేదు. ఇక 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించినప్పుడు తెరపై కనిపించేది సావిత్రి. అయినా ఆ నడకలో, ఆ చూపులో ప్రేక్షకుడు ఘటోత్కచుణ్ణే గుర్తుపడతాడు. సావిత్రి ప్రతిభతో పాటు, అంతకుముందే రంగారావు ఆ పాత్రకు ఏర్పరచిన శరీర భాష అంత స్పష్టంగా ఉండటమే అందుకు కారణం. మరో నటి అనుకరించినా చెరగని ముద్రను సృష్టించడమే గుణచిత్ర నటనకు గీటురాయి.

ఇలాంటి నటనను ప్రత్యేకంగా గుర్తించే విషయంలో అమెరికా ముందడుగు వేసింది. 1929లో మొదలైన ఆస్కార్ పురస్కారాలలో సహాయ నటుల విభాగాన్ని 1936 చిత్రాల నుంచి చేర్చారు. తొలి విజేత వాల్టర్ బ్రెనాన్. ఆయన 1938, 1940 చిత్రాలకూ అదే పురస్కారం గెలుచుకున్నారు. అయితే అక్కడా తొలి రోజుల్లో సమాన గౌరవం దక్కలేదు. కథానాయక పాత్రల విజేతలకు ప్రతిమను ఇచ్చి, సహాయ నటులకు ఫలకంతో సరిపెట్టేవారు. 1940 దశకం మధ్యకు గానీ ఆ వ్యత్యాసం తొలగిపోలేదు.

మన దేశంలో జాతీయ స్థాయిలో ఉత్తమ నటుడు, ఉత్తమ నటి పురస్కారాలు 1967 చిత్రాలతో ఆరంభమయ్యాయి. బెంగాలీ నటుడు ఉత్తమ్ కుమార్ తొలి ఉత్తమ నటుడిగా ఎంపికయ్యారు. అన్ని భాషలకూ కలిపి ఒకే పురస్కారం కావడంతో, ప్రధాన పాత్రలతో పోటీపడి గుణచిత్ర నటులు నెగ్గుకురావడం సులువు కాదు. సహాయ నటీనటుల విభాగాలు 1984 చిత్రాలకు గానీ ఏర్పడలేదు. 'ఘరే బాయిరే' చిత్రానికి విక్టర్ బెనర్జీ తొలి విజేతగా నిలిచారు. రంగారావు అప్పటికి పదేళ్ల క్రితమే, 1974 జులై 18న కన్నుమూశారు. అంటే ఆయన జీవితకాలంలో, ఆయన పోషించిన తరహా పాత్రలకు జాతీయ పురస్కారమన్నదే లేదు.

తరువాతి తరం తెలుగు నటులకు ఆ అవకాశం లభించింది. కాళీపట్నం రామారావు కథ ఆధారంగా తీసిన 'యజ్ఞం' చిత్రానికి పి.ఎల్. నారాయణ 1991 సంవత్సరపు జాతీయ ఉత్తమ సహాయ నటుడిగా ఎంపికయ్యారు. పద్మశ్రీ మరో మార్గం. రేలంగి వెంకట్రామయ్య 1970లో, గుమ్మడి వెంకటేశ్వరరావు 1977లో, అల్లు రామలింగయ్య 1990లో, కోట శ్రీనివాసరావు 2015లో ఈ గౌరవం పొందారు. ఈ జాబితాలో రంగారావు పేరు లేదు.

'సహాయ నటుడు' అన్న పేరుపై భిన్నాభిప్రాయాలకు తావుంది. కీచకుడు లేని 'నర్తనశాల'ను, ఘటోత్కచుడు లేని 'మాయాబజార్'ను ఊహించలేం. ఆ పాత్రలు కథకు సహాయం చేసేవి కావు, కథను మోసేవి. అయినప్పటికీ విభాగమంటూ ఒకటి ఉంటే ఏటా న్యాయనిర్ణేతలు అలాంటి నటనను వెతికి చూస్తారు, పత్రికలు రాస్తాయి, పేరు అధికారిక పత్రాలలో నిలుస్తుంది. విభాగం లేని రోజుల్లో ఆ బాధ్యత ప్రేక్షకుల జ్ఞాపకశక్తిదే.

భారతీయ సినిమా శతాబ్ది సందర్భంగా తపాలా శాఖ 2013 మే 3న 50 మంది సినీ ప్రముఖుల స్మారక తపాలా బిళ్లలను వెలువరించింది. న్యూఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాల ప్రదానోత్సవ వేదికపై నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ వాటిని విడుదల చేశారు. ఆ 50 మందిలో ఎస్వీ రంగారావు ఒకరు. జకార్తా సత్కారం జరిగిన 49 ఏళ్లకు, ఆయన మరణించిన 39 ఏళ్లకు, జాతీయ పురస్కారాల వేదికపై ఆయన పేరు ఆ విధంగా వినిపించింది.