ప్రోటీనును పట్టి చూపు ప్రతిరక్షకము

గంజిలో ఒక చుక్క అయొడీను ద్రావణము వేసినచో నీలివన్నె వచ్చును. పిండిపదార్థము ఉన్నదని తెలియును. గ్రుడ్డులోని తెల్లసొనకు కాస్టిక్ సోడా ద్రావణమును, పిమ్మట కొద్ది చుక్కల మైలుతుత్తపు ద్రావణమును చేర్చినచో ఊదావన్నె వచ్చును. ప్రోటీను ఉన్నదని తెలియును. ఇవి పాఠశాలలో అందరును చేయు పరీక్షలే. కాని ఊదావన్నె ప్రోటీను ఉన్నదని మాత్రమే చెప్పగలదు. ఏ ప్రోటీనో చెప్పజాలదు. మానవునిలో ప్రోటీన్ల నిర్మాణమును నిర్దేశించు జన్యువులు సుమారు 20,000 కలవు. ఇన్నింటిలో ఒక్క ప్రోటీనును గుర్తించుట ఎట్లు?

ఇందులకు ప్రకృతియే ఒక సాధనమును సిద్ధముచేసి ఉంచినది. శరీరములో పరాయి పదార్థము ప్రవేశించినపుడు తెల్లకణములలో ఒక జాతివి ప్రతిరక్షకములను తయారుచేయును. ప్రతిరక్షకము కూడ ఒక ప్రోటీనే. దాని ఆకారము రెండు కొమ్మల పంగలకర్రను పోలియుండును. కొమ్మల చివరలు ఎదుటి పదార్థముపై ఒక చిన్న భాగమునకు, తాళమునకు చెవి అమరినట్లు, అమరి పట్టుకొనును.

మానవ ప్రోటీనునుగాని, దానిలో ఒక తునకనుగాని చిట్టెలుకకు సూదిమందుగా ఎక్కించినచో, దాని శరీరము ఆ ప్రోటీనుకు ప్రతిరక్షకములను పుట్టించును. ఎలుక ప్లీహములోని ఒక్కొక్క కణము ఒక్కొక్క రకపు ప్రతిరక్షకమునే చేయును. కాని ఆ కణములు గాజుపాత్రలో ఎక్కువకాలము బ్రతుకవు. 1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి కణమును, అంతులేక వృద్ధిచెందు కాన్సరు కణముతో కలిపి ఒకటిగా చేసిరి. ఈ సంకరకణపు సంతతి యంతయు ఎడతెగక పెరుగుచు ఒకే రకపు ప్రతిరక్షకమును తయారుచేయును. వీరికి, నీల్స్ యెర్నెకు కలిపి 1984లో నోబెల్ బహుమానము లభించినది.

పరిశోధకుడు కణజాలమును పలుచని పొరగా కోసి, దానిపై ప్రతిరక్షకమును పోయును. అంటుకొనని దానిని కడిగివేయును. తరువాత మొదటి ప్రతిరక్షకమును పట్టుకొను రెండవ ప్రతిరక్షకమును పోయును. దీనికి ఒక ఎంజైము తగిలించబడి యుండును. తగిన రసాయనమును చేర్చినంతనే, ప్రతిరక్షకము అంటిన చోటులందు గోధుమవన్నె ఏర్పడును. సూక్ష్మదర్శినిలో చూచినచో ప్రోటీను ఏ కణమున, ఏ భాగమున ఉన్నదో కనబడును.

అయితే ఇచట ఒక చిక్కు ఉన్నది. అట్టి భాగమే మరియొక ప్రోటీనుపై ఉన్నచో ప్రతిరక్షకము దానిని కూడ పట్టుకొనవచ్చును. అపుడును వచ్చునది అదే గోధుమవన్నె. వన్నెను చూచి నిజమేదో, భ్రమయేదో చెప్పుటకు వీలులేదు.

ఈస్ట్రోజన్ అను హార్మోను సందేశమును కణమునకు అందించు గ్రాహక ప్రోటీనులలో ఆల్ఫా, బీటా అని రెండు కలవు. బీటాను 1996లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎలుక ప్రోస్టేటు గ్రంథిలో కనుగొన్నట్లు ప్రకటించిరి. రొమ్ము కాన్సరులో ఆల్ఫా ఉన్నదా లేదా అనుదానినిబట్టి వైద్యులు హార్మోను చికిత్సను నిర్ణయింతురు. కనుక బీటా కూడ ఉపకరించునేమోనన్న ఆశతో, అనేకులు దానిని రొమ్ము కణజాలములో వెదకిరి. ఉన్నదని కొందరును, లేదని కొందరును వ్రాసిరి.

2017లో స్వీడన్ పరిశోధకులు బీటాను గుర్తించునని చెప్పబడిన 13 ప్రతిరక్షకములను పరీక్షించిరి. కణజాలపు పొరలలో బీటాను మాత్రమే గుర్తించునది ఒక్కటే అని తేలినది. అదియు అంతవరకు అరుదుగా వాడబడినదే! దానితో 44 రకముల సహజ కణజాలములను, 21 రకముల కాన్సరు కణజాలములను చూచిరి. అండాశయములో, వృషణములో బీటా కనబడినది. రొమ్ములో, రొమ్ము కాన్సరులో కనబడలేదు. రెండు దశాబ్దముల పరిశోధనలలో ఎన్నింటినో తిరిగి పరిశీలింపవలసి వచ్చినది.

దీనికి మార్గము సులభమే. ప్రోటీను తప్పక ఉన్న కణములను, దాని జన్యువును తొలగించిన కణములను ప్రక్కప్రక్కన ఉంచి పరీక్షింపవలెను. మొదటివానిలో వన్నె రావలెను, రెండవవానిలో రాకూడదు. అయొడీను పరీక్షను గంజితోపాటు వట్టినీటితో కూడ చేయించు ఉపాధ్యాయుడు బోధించునది ఈ సూత్రమునే. పదార్థము లేనిచోట వన్నె రాదని తెలిసిన పిమ్మటనే, వచ్చినచోట దానిని నమ్మవలెను.