ప్రతి లేని పాట

పోలవరము ప్రాజెక్టు ముంపునకు ఊళ్లు విడిచిన వృద్ధుల పాటలను నా పాత ల్యాప్‌టాప్‌లో దాచుకొంటిని. ఒకనాడు లోపల టిక్కుటిక్కుమని చప్పుడైనది. హార్డు డిస్కు చెడినది.

అందు అయస్కాంతపు పూతగల పళ్లెము నిమిషమునకు 5,400 సార్లు తిరుగును. చదివెడి సాధనము గ్రామఫోను ముల్లువలె తాకదు. వెంట్రుక మందముకన్న ఎన్నోరెట్లు తక్కువ ఎత్తున తేలును. తాకినచో వ్రాత చెరగును. 1956లో ఐ.బి.ఎం. తెచ్చిన తొలి డిస్కు యంత్రమున పళ్లెములు 50. పట్టిన అక్షరములు 50 లక్షలే.

మార్చుట కష్టము కాదు. కరెంటు తీసి, బ్యాటరీ విడదీసి, అడుగు మరలు విప్పి, రెండున్నర అంగుళముల డిస్కును మెల్లగా వెనుకకు లాగితిని. అదే కొలత, అదే సాటా అతుకు గల ఎస్.ఎస్.డి.ని అమర్చితిని, దానిలో తిరిగెడి భాగమే లేదు. ఆపరేటింగ్ సిస్టము ఎక్కింపగా యంత్రము లేచినది. పాటలు రాలేదు. ఒక శిష్యుడు పెన్‌డ్రైవులో పట్టుకొనిపోయినవి మాత్రమే దక్కినవి.

తాటాకు శిథిలము కాకమునుపే మన పూర్వులు ప్రతి వ్రాయించిరి. సి.పి. బ్రౌను పండితులకు జీతములిచ్చి ప్రతులెత్తించెను. అది పాఠము చెప్పుచునే నేను మరచితిని.

పాడినవారిలో ముగ్గురు నేడు లేరు. మిగిలినవారి కడకు మరల పోవుచున్నాను. ఈసారి ఒక్కొక్క పాటకు రెండేసి ప్రతులు, రెండు చోట్ల.