ఖనిజం కంటే ముందు కబురు

బస్తర్‌ దక్షిణాన దంతెవాడ జిల్లాలో ఓ కొండల వరుస దూరానికి ఎద్దు మూపురంలా కనిపిస్తుంది. అందుకే దానికి బైలడీలా అని పేరు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఎన్‌ఎండీసీ 1968 నుంచి అక్కడ ఇనుప ఖనిజం తవ్వుతోంది. ఆ ఖనిజం విశాఖకు వచ్చే దారుల్లో ఒకటి మనకు తెలిసిందే. రైల్లో అరకు వెళ్లినవాళ్లంతా ఆ పట్టాల మీద ప్రయాణించినవాళ్లే. రెండోది పెద్దగా కంటికి కనిపించదు. అది కిరండూల్ నుంచి ఒడిశాలోని మల్కన్‌గిరి మీదుగా విశాఖ దాకా 267 కిలోమీటర్లు సాగే పైపు. ఎస్సార్ వేసిన ఈ పైపు ఇప్పుడు ఆర్సెలార్‌మిట్టల్ నిప్పన్ స్టీల్ చేతిలో ఉంది. మెత్తగా నూరిన ఖనిజాన్ని నీళ్లలో కలిపి ఇందులో పంపుతారు. దాన్నే స్లర్రీ అంటారు.

గోడలకు సున్నం వేసేవాళ్లు బకెట్టును కలుపుతూనే ఉంటారు, కలపకపోతే సున్నం అడుగుకు దిగిపోతుంది. స్లర్రీదీ అదే తంతు. వేగం తగ్గితే పొడి పేరుకుని పైపు పూడుకుపోతుంది, పెరిగితే ఒరిపిడికి లోపలి గోడ అరిగిపోతుంది. అందుకే ఇలాంటి పైపుల్లో స్లర్రీని సాధారణంగా సెకనుకు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల వేగంతో నడిపిస్తారు. ఆ లెక్కన కిరండూల్‌లో బయలుదేరిన ఖనిజం విశాఖ చేరేసరికి ఒకటిన్నర, రెండు రోజులు పడుతుంది. దాని గురించిన కబురు మాత్రం సెకన్లలో చేరుతుంది. వ్యాపారానికి పనికొచ్చే తెలివంతా ఈ తేడాలోనే ఉంది. వచ్చే సరుకులో ఇనుము ఎంత శాతమో, సిలికా ఎంతో రెండు రోజుల ముందే తెలిస్తే, విశాఖలో ఆ పొడిని ఉండలుగా, అంటే పెల్లెట్లుగా, చేసేవాళ్లు సున్నపురాయి, బెంటొనైటు ఏ పాళ్లలో కలపాలో ముందే తేల్చుకోవచ్చు.

పైపు పగిలితే ఎక్కడ పగిలిందో కనిపెట్టే పద్ధతి నన్ను మరీ ఆకట్టుకుంటుంది. పగిలిన చోట పీడనం తటాలున పడిపోతుంది. ఆ పడిపోవడం ఒక అలలా రెండు వైపులకూ పరుగెడుతుంది. దాని వేగం సెకనుకు సుమారు కిలోమీటరు అనుకుందాం. పైపు మీద 60 కిలోమీటర్ల ఎడంతో పీడనం కొలిచే రెండు గేజీలు ఉన్నాయనుకుందాం. అల మొదటి గేజీకి చేరిన 20 సెకన్లకు రెండోదానికి చేరింది. అంటే మొదటిదానికంటే రెండోది 20 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంది. కాబట్టి పగులు మొదటి గేజీకి 20, రెండోదానికి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. రెండు గడియారాల మధ్య ఒక్క సెకను తేడా ఉన్నా చోటు అర కిలోమీటరు తప్పుతుంది. అడవిలో వెతికేవాళ్లకు అది తక్కువ దూరం కాదు. అందుకే గేజీల గడియారాలను ఉపగ్రహ సంకేతాలతో సరిచూస్తుంటారు.

సెకనుకో అంకె చొప్పున వంద గేజీలు రోజుకు 86 లక్షల 40 వేల అంకెలు పంపుతాయి. వాటిలో దాదాపు అన్నీ చెప్పేది ఒకటే: ఏమీ జరగలేదని. అందుకే గేజీ పక్కనే ఓ చిన్న కంప్యూటరు పెట్టి, మార్పు కనిపించినప్పుడే వివరంగా పంపమంటారు. అయినా చిక్కు తీరదు, పంపు ఆపినా ఇలాంటి అలే పుడుతుంది. పీడనం లెక్కను పంపుల లెక్క పక్కన పెట్టి చూస్తేనే ఏది పగులో, ఏది కాదో తెలుస్తుంది. అలా కలిపి చూడకపోతే ఉత్తుత్తి గంటలు మోగుతాయి. పది ఉత్తుత్తి గంటలు విన్నవాడు పదకొండోదాన్ని పట్టించుకోడు. డేటా ఎంత పోగైందన్నది కాదు, ఏ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టారన్నదే నాకు ముఖ్యం.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ కబురు ఎవరికి చేరుతోందన్నది. బైలడీలా గనుల ఎర్రమన్ను కొట్టుకొచ్చి శంఖినీ నది ఏళ్లుగా ఎర్రబారింది. ఆ నదే దంతెవాడలో దంతేశ్వరి గుడి దగ్గర డంకినీలో కలుస్తుంది. నీటి మడ్డిని కొలిచే సెన్సరు పీడనం గేజీ కన్నా గొప్ప యంత్రమేం కాదు. ఒడ్డున ఒకటి పెట్టి, మడ్డి పెరిగిన గంటలోనే దిగువ ఊళ్ల ఫోన్లకు గోండీలోనూ హల్బీలోనూ కబురు చేరేలా చేయొచ్చు. బిందె పట్టుకుని బయలుదేరే ముందే ఆ ఊళ్ల ఆడవాళ్లకు నీళ్లెలా ఉన్నాయో తెలుస్తుంది.