దూడని ఎప్పుడు దించేం?

తెల్లవారుజామున అయిదు గంటలవేళ విజయనగరం అయోధ్యా మైదానంలో పదకొండుమంది పెద్దమనుషులు వరసగా నిలబడి, చేతులు ముందుకి చాపి, బస్కీలు తీస్తూంటే చూసేవారికి నవ్వు రావడం సహజమే. నాకూ మొదట్లో వచ్చింది. ఇప్పుడు ఆ పదకొండుమందిలో నేనూ ఒకణ్ణి గనక ఆ హక్కు పోయింది.

మాలో బేంకు ఉద్యోగి ఉన్నాడు, బియ్యం వర్తకుడున్నాడు, మందుల షాపాయన, రైల్వే ఆయన, ఇద్దరు బడిపంతుళ్ళు ఉన్నారు. నలభై దాటాక డాక్టరు "చక్కెర ఉందండీ" అంటేగాని బుద్ధి రానివాళ్ళమే ముప్పాతికమంది. మాకు లెక్క చెప్పేవారు రిటైరయిన డ్రిల్లు మాస్టారు. ఆయన "ఒకటీ... రెండూ..." అని గొంతెత్తితే చెట్లమీది కాకులు లేస్తాయి. జిమ్ముల్లో యంత్రాలంటే ఆయనకి గిట్టదు. దండీలు, బస్కీలు, ఆపైన మైదానం చుట్టూ నడక. అంతే ఆయన శాస్త్రం.

చేరిన నెల్లాళ్ళకి నేనొక సంగతి కనిపెట్టేను. ఇంట్లో నోరు పెగలని మాటలు ఇక్కడ పైకి వస్తాయి. చీకటి ఇంకా విడదు. అందరి మొహాలూ తూర్పుకే తిరిగి ఉంటాయి. ఎవరూ ఎవరినీ చూడరు. అదే కారణం కాబోలు. ఓనాడు ముప్ఫయ్యో బస్కీ దగ్గర బియ్యం వర్తకుడు ఉన్నట్టుండి, "మావోడు నాతో మాటాడి రెణ్ణెల్లయిందండీ" అన్నాడు. ఎవరూ సలహా చెప్పలేదు. డ్రిల్లు మాస్టారు కొంచెం ఆగి, "ముప్ఫయ్యొకటి" అన్నారు. మర్నాడు ఇంకొకాయన తన గోడు చెప్పుకొన్నాడు.

మగపిల్లల తండ్రులం ఇలాగే ఏడుస్తాం. ఆడపిల్లల తండ్రులు మాలో నలుగురున్నారు. వారి పరిస్థితి కాస్త నయం, ఇంట్లో మాటలు సాగుతూంటాయి. సిడ్నీ ఒలింపిక్సులో, 2000లో, 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి మా పక్క ఆమదాలవలస ప్రాంతపు పిల్ల అనీ, ఒలింపిక్ పతకం గెల్చిన మొదటి భారతీయ మహిళ ఆమేననీ వీళ్ళు రోజూ గుర్తు చేస్తారు. మాకు జవాబుండదు.

నేను తెలుగు మేష్టర్ని. ఎదురుగా ఉన్నవాణ్ణి మధ్యమపురుషలో పలకరించాలని క్లాసులో పాఠం చెబుతాను. ఇంటికొచ్చి, కొడుకు ఎదురుగానే కూర్చుని ఉండగా, "వాడికి ఫీజు కట్టేసేనని చెప్పు" అని వాళ్ళమ్మతో అంటాను. నిలువెత్తు కుర్రాణ్ణి ప్రథమపురుష చేసి పారేసేను. మా నాన్నగారూ నన్ను అలాగే చేసేరు; అప్పుడది నాకు వ్యాకరణ దోషమని తోచలేదు.

ఈ ఊళ్ళో కండబలం గురించి మాటాడితే కోడి రామ్మూర్తి నాయుడిగారి దగ్గరికి రాక తప్పదు. ఆయనది వీరఘట్టం. అది నిన్నమొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి వెంకన్నగారు పిల్లవాణ్ణి విజయనగరంలో పోలీసు ఉద్యోగంలో ఉన్న తమ్ముడు నారాయణస్వామిగారి దగ్గరికి పంపించేరు. ఇక్కడే కసరత్తు పట్టుబడింది. మద్రాసు వెళ్ళి వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, తిరిగొచ్చి ఈ ఊళ్ళోనే పిల్లలకి వ్యాయామం నేర్పేరు. తరవాత సర్కసు పెట్టడం, ఛాతీమీద ఏనుగుని నిలబెట్టుకోవడం, ఇనపగొలుసులు తెంపడం, కలియుగ భీముడన్న బిరుదు — ఇవన్నీ అందరికీ తెలిసినవే. 1942లో పోయేరు.

ఆయన చిన్నప్పుడు రోజూ ఒక దూడని భుజానికెత్తుకుని తిరిగేవాడని మావైపు చెప్పుకొంటారు. క్రీస్తుకి పూర్వం ఆరో శతాబ్దపు గ్రీకు మల్లుడు మైలో గురించీ ఇదే కథ. దూడ రోజురోజుకీ ఎదుగుతుంది. మోసేవాడి బలమూ దానితోపాటే ఎదుగుతుంది. ఓనాటికి వాడి భుజాలమీద ఎద్దు ఉంటుంది. ఈ కథని నేను మైదానంలో కొంత గొప్పగానే చెప్పేను. రామ్మూర్తిగారి కథలో నాకు పట్టుకున్నది మాత్రం వెంకన్నగారు. కొడుకుని బండెక్కించి పంపిన రోజున ఇంటికి తిరిగొచ్చి ఆయన ఏం చేసేరో! కథలు చెప్పేవాళ్ళకి ఆ తండ్రితో పని లేదు.

నాకు పనుంది. కిందటేడు మావాణ్ణి ఇంటర్మీడియట్‌కని విశాఖపట్నంలో హాస్టల్లో పెట్టేను. ఓ ఆదివారం రాత్రి ఫోను చేసి, "నాన్నా, ఇక్కడ ఉండలేకపోతున్నాను" అన్నాడు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "అందరూ ఉంటున్నారు కదా, నువ్వూ ఉండు" అన్నాను. ఎర్రసిరా కలం చేతిలోంచి దించనుకూడా లేదు. ఆ తరవాత వాడు వాళ్ళమ్మకే ఫోను చేసేవాడు.

ఇది నేను మైదానంలో ఇరవయ్యో బస్కీ దగ్గర చెప్పేను. డ్రిల్లు మాస్టారు ఈసారి ఇరవయ్యొకటి అనలేదు. "మాస్టారూ, దూడ కథ తవఁరే కదా చెప్పేరు. మరి ఎప్పుడు దించేరేటి?" అన్నారు.

ఎప్పుడు దించేను? పైడితల్లి సిరిమానోత్సవం, దసరా వెళ్ళిన మంగళవారం. మూడు లాంతర్ల దగ్గర జనం కిక్కిరిసి ఉంటే ఆరేళ్ళవాణ్ణి భుజాలమీద కూర్చోబెట్టుకున్నాను. ఆకాశంలో మాను చివర కూర్చున్న పూజారి కోటవైపు వెళ్ళి వస్తూంటే, వాడు నా జుట్టు పట్టుకుని ఊగేడు. మరుసటేడు "పెద్దవాడివయ్యేవు, నడు" అన్నాను. ఆ తరవాత ఎత్తుకున్న జ్ఞాపకం లేదు. పదేళ్ళు ఎత్తకుండా ఉండి, ఎద్దయ్యాక బరువంటున్నాను.

ఆ ఆదివారమే బస్సెక్కి విశాఖ వెళ్ళేను. ఇద్దరం బీచిలో సముద్రానికి ఎదురుగా కూర్చున్నాం. ఒకరి మొహం ఒకరు చూడనక్కరలేదు. మైదానం నేర్పిన తంత్రం. అరగంట శనగలు తిన్నాం. అప్పుడు నేను, "ఆ రోజు నేను అలా అనకుండా ఉండవలసింది" అన్నాను. వాడు చాలాసేపటికి, "నువ్వు పేపర్లు దిద్దుతున్న చప్పుడు వినిపించింది నాన్నా" అన్నాడు. ఇంటికి వచ్చేస్తావా అని అడిగేను. ఈ ఏడాది పూర్తి చేస్తానన్నాడు. నాకోసం అన్నాడో, తనకోసమో ఇప్పటికీ తేల్చుకోలేదు. ప్రతి రాత్రీ ఎనిమిదిన్నరకి మాటాడుతున్నాం. కొన్ని రాత్రులు మెస్సులో సాంబారు మించి విషయం ఉండదు.

సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు తనంతట తనే లేచి నా స్కూటరు వెనకాల కూర్చున్నాడు. డ్రిల్లు మాస్టారు వాణ్ణి ముందు నిలబెట్టి లెక్క చెప్పమన్నారు. కావాలనే సాగదీసి చెప్పేడు, వెధవ. పదకొండుమంది మోకాళ్ళు వణికేయి. పదిహేనో లెక్క దగ్గర ఆగి నావేపు చూసి,

"నాన్నా, నువ్వు పూర్తిగా కూర్చోలేదు. అది లెక్కలోకి రాదు" అన్నాడు.

మళ్ళీ కూర్చున్నాను.