చలివేళ బిగుసుకునే ట్రాక్టరు గేర్లు: గేరు ఆయిల్ ఎంపికకు ముందు, తరువాత

సారాంశం

దాళ్వా దమ్ముల కాలంలో తెల్లవారుజామున ట్రాక్టరు గేర్లు బిగుసుకుంటున్నాయన్న ఫిర్యాదు కొల్లేటి పరిసర గ్రామాలలో తరచుగా వినవస్తుంది. చలి కారణమని భావించి ఆయిల్ మార్చడం, పలుచన చేయడం పరిపాటి అయింది. కోస్తా చలికి సరైన గ్రేడు ఆయిల్ గేరు పడనంతగా చిక్కబడదు. తప్పు గ్రేడు, ఆయిల్‌లో చేరిన నీరు, పూర్తిగా విడవని క్లచ్చి అనే మూడు కారణాలను ముందుగా వేరుచేసి, ఆ తరువాతనే ఆయిల్‌ను ఎంచుకోవాలని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

ఏలూరు జిల్లా ముదినేపల్లి మండలం కృష్ణా డెల్టా ఆయకట్టుకూ కొల్లేటి పల్లానికీ చేరువలో ఉన్నది. ఇక్కడి బరువైన ఒండ్రు నేలలలో, కాలువ నీరు అందిన సంవత్సరాలలో, దాళ్వా వరికి డిసెంబరు, జనవరి మాసాలలో దమ్ము చేస్తారు. దమ్ము ఆలస్యమైన కొద్దీ నారు ముదురుతుంది, పూత దశ ఎండలలోకి జరుగుతుంది, వేసవిలో కాలువలు కట్టివేసే నాటికి పైరు ఇంకా నీటిని కోరుతూనే ఉంటుంది. కనుక ఈ రోజులలో ఒక ట్రాక్టరు రెండు దినాలు నిలిచిపోతే, ఆ నష్టం బండి యజమానితో ఆగదు. దానికై ఎదురుచూస్తున్న పది మంది రైతుల నాట్ల తేదీలను మారుస్తుంది. సస్యవిజ్ఞాన శాస్త్రవేత్త గేరు ఆయిల్ గురించి మాట్లాడవలసి రావడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. సంవత్సరంలో అత్యంత చల్లని ఉదయాలు, ట్రాక్టరు ఇరుసు వరకు బురదలో మునిగే రోజులు ఒకేసారి వస్తాయి. చలి కంటికి, ఒంటికి తెలుస్తుంది. హౌసింగులోకి చేరిన నీరు తెలియదు. అందువలన నింద చలి మీద పడుతుంది.

చలి ఎంత? చిక్కదనం ఎంత?

ఆయిల్ చిక్కదనాన్ని శాస్త్ర పరిభాషలో స్నిగ్ధత అంటారు. దీనిని సెంటీస్టోకులలో కొలుస్తారు. గేరు ఆయిళ్లను వర్గీకరించే ఎస్.ఏ.ఇ. జె306 ప్రమాణం ప్రకారం, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 90 గ్రేడు ఆయిల్ స్నిగ్ధత 13.5 నుండి 18.5 లోపు, 140 గ్రేడుది 24 నుండి 32.5 లోపు ఉండాలి. ఇంజను ఆయిళ్ల కొలబద్ద వేరు. గేరు ఆయిల్‌లోని 90, ఇంజను ఆయిల్‌లోని 40, 50 గ్రేడులు వాస్తవానికి దాదాపు ఒకే చిక్కదనం గలవి. ఈ సంగతి తెలియక, 90 అనగానే 40 కంటె రెట్టింపు చిక్కనిదని భావించేవారు అనేకులు.

గ్రేడులోని 'డబ్ల్యు' అక్షరం శీతకాలపు పనితీరును తెలుపుతుంది. 80డబ్ల్యు అంటే మైనస్ 26 డిగ్రీల వద్ద, 75డబ్ల్యు అంటే మైనస్ 40 డిగ్రీల వద్ద కూడ స్నిగ్ధత నిర్ణీత గరిష్ఠ పరిమితిని దాటదని అర్థం. కెనడా మైదానాలకు, మన దేశంలో లడఖ్‌కు ఇది ప్రాణప్రదమైన విషయం. ముదినేపల్లిలో చలికాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సాధారణంగా 17 నుండి 20 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఆ పరిమితులు ఇక్కడ ఎన్నడూ పరీక్షకు రావు.

అయినను 20 డిగ్రీలు తక్కువ ప్రభావం చూపేవి కావు. సాధారణ ఖనిజ ఆయిళ్లకు ఉష్ణోగ్రత–స్నిగ్ధత సూత్రం ద్వారా లెక్కకట్టిన ఉజ్జాయింపు విలువలు ఈ క్రింది పట్టికలో ఉన్నవి.

పట్టిక 1. ఉష్ణోగ్రతను బట్టి స్నిగ్ధత (సెంటీస్టోకులు, ఉజ్జాయింపు)

| ఆయిల్ | 20 డిగ్రీలు | 40 డిగ్రీలు | 100 డిగ్రీలు |
|---|---|---|---|
| ట్రాక్టరు ఉమ్మడి ఆయిల్ (యు.టి.టి.ఓ.) | 160 | 60 | 9.5 |
| 80డబ్ల్యు-90 | 500 | 145 | 14.7 |
| 90 | 750 | 195 | 17 |
| 140 | 1800 | 400 | 27 |

పట్టిక నుండి రెండు విషయాలు గ్రహించవచ్చు. మొదటిది, 90 గ్రేడు ఆయిల్ 40 డిగ్రీల నుండి 20 డిగ్రీలకు చల్లబడితే సుమారు నాలుగు రెట్లు చిక్కబడుతుంది. కనుక ఉదయం లివరు కొంత బరువుగా ఉండడం సహజమే. బండి కొంతసేపు నడిచి ఆయిల్ వేడెక్కగానే అది సర్దుకుంటుంది. రెండవది మరింత ముఖ్యమైనది. ఇదే లెక్క ప్రకారం 20 డిగ్రీల వద్ద 140 గ్రేడుకు ఉండే స్నిగ్ధత, 90 గ్రేడుకు 10 డిగ్రీల వద్ద గాని రాదు. అనగా గేర్లు అరుగుతాయన్న భయంతో 'చిక్కనిది మంచిది' అని 140 పోసిన రైతు, తన గేర్‌బాక్సులోని చలిని తానే మరో పది డిగ్రీలు పెంచుకున్నట్లు.

గేరు ఎందుకు బిగుసుకుంటుంది?

సింక్రోమెష్ గల గేర్‌బాక్సులో, గేరు పడేముందు ఇత్తడి లేదా కంచు రింగు ఒకటి గేరు శంకువును పట్టుకొని రెండింటి వేగాన్ని సమానం చేస్తుంది. పట్టు దొరకాలంటే మధ్యనున్న ఆయిల్ పొర రింగు గాళ్లలో నుండి బయటకు పోవాలి. ఆయిల్ మరీ చిక్కనిదైతే పొర తొలగడం ఆలస్యమవుతుంది, లివరు ఎదురుతన్నుతుంది. మన ప్రాంతంలో నేటికీ కనిపించే స్లైడింగ్ మెష్, కాన్‌స్టంట్ మెష్ బండ్లలో ఈ రింగు ఉండదు. వాటిలో చిక్కని ఆయిల్ షిఫ్టర్ ఫోర్కుల, రాడ్ల కదలికను మాత్రమే బరువెక్కిస్తుంది. బండి నిలిచి ఉండగా గేరు వేస్తే కరకరమని పళ్లు రాసుకునే చప్పుడు వస్తున్నదంటే, క్లచ్చి నొక్కినను లోపలి షాఫ్టు తిరుగుతూనే ఉన్నదన్నమాట. అది క్లచ్చి దోషం. ఏ ఆయిల్ పోసినా తీరదు.

దమ్ములో జరిగేది

కేజ్ వీల్స్‌తో దమ్ము చేస్తున్నపుడు వెనుక ఇరుసు, గేరు హౌసింగు వేడెక్కి ఉంటాయి. పని ఆపగానే, చుట్టూ ఉన్న చల్లని నీటి వలన హౌసింగు త్వరగా చల్లారుతుంది. లోపలి గాలి కుంచించుకొని బయటి నుండి పీల్చుతుంది. బ్రీదరు బురదతో మూసుకుపోయి ఉంటే ఆ పీల్పు ఇరుసుల ఆయిల్ సీళ్ల మీద పడి, గాలికి బదులు నీరు లోనికి చేరుతుంది. సాయంత్రం కాలువ గట్టున పంపుతో బలంగా కడగడం కూడ ఇదే పని చేస్తుంది.

ఇలా చేరిన నీటిని గేర్లు చిలికి, ఆయిల్‌ను మజ్జిగ రంగుకు తెస్తాయి. ఆయిల్‌లో నీరు కలిస్తే పలుచబడుతుందని అనుకుంటాము. కాని సన్నని నీటి బిందువులు ఆయిల్‌లో చెదిరినపుడు ఆ మిశ్రమం అసలు ఆయిల్ కంటె చిక్కగా ఉంటుంది. అయినను పళ్ల మధ్య నిలిచే పొర బలం తగ్గుతుంది. అందువలన లివరు బరువెక్కుతుంది, బేరింగులు తుప్పు పడతాయి. రైతు చూసేది మొదటి లక్షణాన్నే. డబ్బు ఖర్చయ్యేది రెండవదానికి.

నిర్ధారణ క్రమం

ఆయిల్ కొనడానికి ముందు ఈ నాలుగు పరీక్షలు జరపాలి. వీటికి పరికరాలు అక్కరలేదు. బండిని చదునైన చోట నిలిపి, పనిముట్టును నేలకు దించి, చక్రాలకు అడ్డు పెట్టి మొదలుపెట్టాలి.

1. ఉదయం ఇంజను ఆపి ఉండగా, క్లచ్చి నొక్కి అన్ని గేర్లూ వేసి చూడాలి. పళ్లు ఎదురెదురుగా నిలిచినచో ఒక గేరు పడకపోవచ్చు. బండిని కొద్దిగా ముందుకు, వెనుకకు కదిపి మరల ప్రయత్నించాలి. ఇంజను ఆపినపుడు తేలికగా పడి, నడుస్తున్నపుడు మొరాయిస్తే లోపం క్లచ్చిది. పెడలు వదులు, ప్లేటు, క్లచ్చి హౌసింగులోని బురద పరిశీలించాలి.

2. అన్ని గేర్లూ బరువుగా ఉండి, అరగంట పని తరువాత తేలికైతే చిక్కదనాన్ని అనుమానించాలి. ఒకే గేరు బిగుసుకుంటే, అది ఫోర్కు, రింగు లేదా లింకేజి లోపం.

3. రాత్రంతా నిలిచిన బండి డ్రెయిన్ ప్లగ్గును ఉదయం కదపకముందే నెమ్మదిగా వదులు చేసి, మొదట వచ్చేదానిని గాజు సీసాలో పట్టాలి. అడుగున చేరిన నీరు ముందుగా వస్తుంది. ఆయిల్ మజ్జిగ రంగులో ఉన్నా, వేడి పెనం మీద వేసిన చుక్క చిటపటమన్నా, నీరు ఉన్నట్లే. చుక్కకు మించి వేయరాదు. ముఖం దూరంగా ఉంచాలి.

4. గత మారుపులో ఏ ఆయిల్ పోశారో డబ్బా చూసి గాని, బిల్లు చూసి గాని తెలుసుకోవాలి. 'గేరు ఆయిలే పోశాము' అన్న సమాధానం చాలదు.

ఎంపికలో మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఈ బండిలో ఒకే ఆయిల్ ఎన్ని పనులు చేస్తున్నది? నేటి ట్రాక్టర్లు అనేకం గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ లిఫ్టు, ఆయిల్‌లో మునిగిన బ్రేకులు అన్నింటికీ ఉమ్మడి ఆయిల్‌నే వాడతాయి. దానినే యు.టి.టి.ఓ. అంటారు. దాని స్థానంలో 90 గ్రేడు పోస్తే పట్టికలో చూపినట్లు ఉదయం చిక్కదనం నాలుగు రెట్లు దాటుతుంది. పంపు పీల్చలేక లిఫ్టు మందగిస్తుంది, బ్రేకులు కీచుమంటాయి. గేరుతోపాటు లిఫ్టు కూడ ఉదయం మొరాయిస్తున్నదంటే ముందుగా ఈ పొరపాటునే అనుమానించాలి.

రెండవ ప్రశ్న: గ్రేడు ఏది? విడి గేర్‌బాక్సుకు కంపెనీ పుస్తకం 90 లేదా 80డబ్ల్యు-90 అనుమతిస్తే, చలివేళ పనికి రెండవది మేలు. 20 డిగ్రీల వద్ద దాని స్నిగ్ధత సుమారు మూడవ వంతు తక్కువ. పుస్తకంలో చెప్పనిదే 140 వాడరాదు.

మూడవ ప్రశ్న: జి.ఎల్. సంఖ్య ఏది? ఐదు నాలుగు కంటె పెద్దది గనుక మెరుగైనదని దుకాణంలో చెప్పే మాట సరికాదు. జి.ఎల్.-5 హైపాయిడ్ డిఫరెన్షియళ్ల తీవ్ర భారానికి రూపొందినది. అందులోని గంధక, భాస్వర తీవ్రపీడన రసాయనాలు జి.ఎల్.-4 కంటె సుమారు రెట్టింపు. చురుకైన గంధకం వేడిలో రాగి మిశ్రమాలను తినవచ్చు. రాగికి హాని చేయని జి.ఎల్.-5 ఆయిళ్లు ఇపుడు ఉన్నను, వాటి జారుడు పొర వలన రింగు పట్టు ఆలస్యం కావచ్చు. కనుక గేరు బిగుసుకుంటున్న సింక్రోమెష్ బండికి పుస్తకంలో జి.ఎల్.-4 ఉంటే దానికే కట్టుబడాలి.

పుస్తకం పోయిన బండ్ల విషయంలో, బుద్నీలోని కేంద్ర వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ వెలువరించిన ఆ నమూనా పరీక్షా నివేదికను చూడవచ్చు. ఆయిల్ రకం, పరిమాణం, మార్చవలసిన గడువు అందులో ఉంటాయి.

విస్తరణ సిబ్బంది తెలుపవలసినవి

కిరోసిన్, డీజిల్ కలిపి పలుచన చేయడం వలన లివరు తేలికవుతుంది గాని, పళ్ల మధ్య పొర తెగి గేర్లు అరుగుతాయి. వాడిన ఇంజను ఆయిల్ కలపడం మరీ హానికరం. అందులోని శుభ్రపరిచే రసాయనాలు నీటిని అడుగుకు దిగనీయక ఆయిల్‌లోనే పట్టి ఉంచుతాయి. నీరు కనిపించిన బండికి కొత్త ఆయిల్ పోసేముందు సీళ్లు, బ్రీదరు సరిచేయాలి. లేనిచో వారం దినాలలో కొత్త ఆయిల్ కూడ మజ్జిగవుతుంది. గంటల గడువు పూర్తి కాకపోయినను, దమ్ములు ముగియగానే డ్రెయిన్ ప్లగ్గు పరీక్ష జరపడం అలవాటు చేయాలి. తీసిన ఆయిల్‌ను బోదెలలో, చెరువు గట్ల మీద పారబోయరాదు. ఇక్కడి మురుగు కాలువలు చేరేది 2002లో రామ్‌సార్ గుర్తింపు పొందిన కొల్లేటికే. వాడిన ఆయిల్‌ను అనుమతి గల శుద్ధి కేంద్రాలకు చేరవేసేవారికి అప్పగించాలి.

ముగింపు

కోస్తా డెల్టాలో చలి, సరైన ఆయిల్ గల గేర్‌బాక్సును కొద్ది నిమిషాలు మందగింపజేయగలదు, రోజంతా నిలుపలేదు. రోజంతా మొరాయించే బండిలో క్లచ్చి, నీరు, తప్పు గ్రేడు అనే మూడింటిలో ఒకటి తరచుగా ఉంటుంది. దమ్ములు మొదలు కావడానికి పక్షం ముందే, గ్రామంలోని ట్రాక్టర్లను ఒకచోట చేర్చి పై నాలుగు పరీక్షలు జరిపించగలిగితే, జనవరిలో నాట్లు ఆగకుండా చూడవచ్చు. విద్యార్థులు తమ గ్రామీణ అనుభవ శిక్షణలో చేపట్టదగిన పని ఇది. ఒక గాజు సీసా, ఒక పెనం, కొంత ఓపిక ఉంటే చాలును.