మాన్యఖేటానికి తూర్పు అంచు

చేవెళ్ల, మొయినాబాద్ ఎక్కడ అంటే హైదరాబాదు పక్కన అంటాం. భూముల ధరలు పలికేదీ ఆ లెక్కనే. కానీ 9, 10 శతాబ్దాల్లో ఈ సీమ ఎలా ఉండేదో చూడాలంటే ముందు హైదరాబాదును పటంలోంచి తీసేయాలి. అది పుట్టిందే 1591లో. అప్పటి రాజధాని పడమట ఉంది. వికారాబాద్, తాండూరు, సేడం దాటాక వచ్చే మల్ఖేడే రాష్ట్రకూటుల మాన్యఖేటం.

నీళ్ల దారి చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుకు పారి గండిపేటకు వస్తుంది. అటువైపు ఎత్తుల నుంచే కాగ్నా పడమటికి దిగి, మల్ఖేడ్ పక్కగా పోయి భీమలో కలుస్తుంది. చేవెళ్ల తూర్పు వాలున, ఏలికలు పడమటి వాలున.

ఇక్కడ దొరికిన సాక్ష్యం కొంచెమే. 2023లో మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో, చెరువు తూముకు అమర్చిన రెండు రాతి స్తంభాలను పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి గుర్తించారు. వాటి నాలుగు ముఖాలా జైన తీర్థంకరులు ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, మహావీరుడు ధ్యానంలో కూర్చున్నారు. తెలుగు-కన్నడ లిపిలోని శాసనంలో, బయటికి కనిపించే మేరకు, చిలుకూరు జైన బసది మాట ఉంది. తక్కిందంతా గోడలోపలే. తూము కట్టినవాళ్లకు శాసనంకన్నా నీళ్లు ముఖ్యం, తప్పు పట్టలేం. ఇవాళ చిలుకూరు బాలాజీ గుడికి జనం వీసా కోసం వెళ్తారు. అప్పట్లో మోక్షం కోసం వెళ్లేవారన్నమాట.

జైనానికి రాష్ట్రకూటుల అండ ఉంది, వారి సామంతులైన వేములవాడ చాళుక్యుల అండా ఉంది. రెండో అరికేసరి ఆస్థానంలో పంపడు కన్నడంలో భారతం రాస్తే, అతని తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల గుట్ట మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ శాసనం చెక్కించాడు. రాష్ట్రాలను భాషలవారీగా విడదీసే పునర్వ్యవస్థీకరణ సంఘం ఇంకా వెయ్యేళ్ల దూరంలో ఉంది మరి.

అంచు సీమల కథ మామూలుగా అవతలివాళ్లే రాస్తారు. 778లో ఐరోపాలో ఫ్రాంకుల రాజు షార్లమేన్ వెనుకదళాన్ని అంచు కొండల్లోని బాస్కులు దెబ్బతీశారని మనకు చెప్పినవాళ్లు ఫ్రాంకులే. ఎనికేపల్లి ఆ మాటకొస్తే నయం: రాయి పక్క ఊరి పేరే చెబుతోంది.

973లో కళ్యాణి చాళుక్యుడు తైలపుడు రాష్ట్రకూటుల్ని కూల్చాడు. తర్వాత పటాన్‌చెరు, అంటే నాటి పొట్టలకెరె, ఈ చాళుక్యులకు ముఖ్య పట్టణమైంది. 1163లో కాకతి రుద్రదేవుడు స్వతంత్రుడయ్యాక పెత్తనం ఓరుగల్లుకు మళ్లింది. అటు నుంచి చూస్తే ఇదే సీమ పడమటి అంచు.