పాత రైలువంతెన – పదిమంది చేయూత

పాతదైన వస్తువును బాగుచేసి తిరిగి పనికి తెచ్చుటలో రైతును మించిన నేర్పరి లేడు. నాగలి మేడి విరిగినచో క్రొత్తది తొడిగించును. తూము గోడ పగిలినచో సున్నము కొట్టించును. కాని ఆ వస్తువు ఒక్కనిది గాక పదిమందిది అయినప్పుడు, దానిని బాగుచేయవలసినవా రెవరను ప్రశ్న పుట్టును. "అది సర్కారు సొత్తు, మనకేల?" అని తప్పించుకొనువారే పెక్కుమంది. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై గోదావరిపై నిలిచియున్న హేవలాకు వంతెనను గూర్చి సభ్యుల కీ నెల మనవి చేయుచున్నాము.

కొల్లిపర రైతునకు రాజమహేంద్రవరపు వంతెనతో పనియేమి అని కొందరు అడుగవచ్చును. 1893లో బెజవాడ కడ కృష్ణపై రైలువంతెన తెరువబడినది. 1899లో బెజవాడనుండి చెన్నపట్టణమునకు పెద్దరైలు మార్గము పూర్తియైనది. 1916లో తెనాలినుండి రేపల్లెకు శాఖ వేయబడినది. ఇన్ని మార్గములున్నను గోదావరిపై వంతెన లేకున్నచో, తూర్పునకు పోవు సరకు ఆ నది ఒడ్డుననే ఆగిపోవలసినది. 1900 వఱకు ప్రయాణికులు ఈ యొడ్డున బండి దిగి, పడవపై నది దాటి, ఆ యొడ్డున మఱల బండి యెక్కుచుండిరి. మన తాతలు పండించిన పసుపునకు, అరటికి కలకత్తా త్రోవ చూపినది ఆ వంతెనయే. కావున దానియందు మనకును కొంత భాగము కలదనుట తప్పు కాదు.

వంతెన వృత్తాంతము

1897 నవంబరు 11వ తేదీన పని మొదలయ్యెను. 1900 ఆగస్టు 30వ తేదీన రైళ్ల రాకపోకలకు తెరువబడెను. అంత వెడల్పైన నదిలో, ఏటేట వచ్చు వరదల నడుమ, మూడు సంవత్సరములు నిండకమునుపే పని ముగించుట సామాన్యము కాదు. పనిని నడిపిన ప్రధాన ఇంజనీరు వాల్టన్ దొర. ఆయన అంతకు మునుపే కాశీ వద్ద గంగపై డఫరిన్ వంతెనను కట్టియుండెను. అప్పటి మద్రాసు గవర్నరైన హేవలాకు పేరు దీనికి పెట్టిరి. రాతికట్టడపు స్తంభములపై ఉక్కు దూలములు పరచిన ఈ వంతెనకు 56 ఖానాలు. ఒక్కొక్కటి 150 అడుగులు. మొత్తము పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైమాట.

1974లో రైలునకు, రోడ్డునకు కలిపి రెండవ వంతెన వచ్చినది. ఆ పిమ్మట విల్లువలె వంగిన మూడవ వంతెన వచ్చినది. 1997లో హేవలాకు వంతెనపై రైళ్లను నిలిపివేసిరి. దాదాపు నూరేండ్లు కొలువుచేసిన వంతెన అది మొదలు ఖాళీగా నిలిచినది. దానిని పాత యినుముగా పోనీయక, జనులు నడచి చూచు స్థలముగా మార్చవలెనని పురజనులు కోరుచు వచ్చిరి. 2025 జూనులో 94 కోట్ల రూపాయలకు పైబడిన అఖండ గోదావరి పథకమునకు శంకుస్థాపన జరిగినది. వంతెనను తీర్చిదిద్దుటయు అందు చేరియున్నది. 2027లో గోదావరి పుష్కరములు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని రంగు వేసి దీపములు పెట్టిన పిదప, ఏటేట దానిని కనిపెట్టియుండువా రెవరు? అసలు సంగతి ఇదియే.

ఇతర దేశములలో జరిగిన తీరు

ఇంగ్లండులో ఇల్కెస్టన్ పట్టణము చెంత బెన్నర్లీ అను రైలువంతెన యొకటి గలదు. 1877లో కట్టిన ఈ వంతెన పొడవు 1,452 అడుగులు. క్రింద బొగ్గుగనులు త్రవ్వినందున నేల కుంగునను భయముతో, బరువైన ఇటుకకట్టడము మాని, తేలికయైన ఇనుప కాళ్లపై దానిని నిలిపిరి. 1968లో రైళ్లు ఆగిపోయినవి. పడగొట్టుదమని చూడగా, ఆ పాతకాలపు ఇనుము మంటతో కోయుటకు లొంగదనియు, ఒక్కొక్క ముక్కను చేతితో విప్పవలెననియు, అందుకు ఖర్చు మిక్కుటమనియు తేలినది. వంతెన అట్లు బ్రతికినది. కాని పట్టించుకొనువారు లేక దశాబ్దములు పడియుండెను.

2015లో చుట్టుపట్ల జనులు కొందరు వంతెన మిత్రులమని పేరు పెట్టుకొని సంఘముగా చేరిరి. వారు చేసినవి చిన్న పనులే: పొదలు నరికిరి, చరిత్రను సేకరించిరి, చూడవచ్చినవారిని వెంటబెట్టుకొని చూపిరి, చందాలు పోగుచేసిరి. 2017లో పెద్ద విరాళమునకై వెళ్లిన దరఖాస్తు త్రోసివేయబడినది. ఐనను వారు పని విడువలేదు. 2020లో ప్రపంచమున కాపాడదగిన కట్టడముల పట్టికలో దానికి చోటు దొరికినది. స్వంతదారులైన సంస్థయు, ధర్మనిధులును తోడుపడగా, 2022 జనవరిలో వంతెన పాదచారులకు తెరువబడినది.

అమెరికాలో హడ్సన్ నదిపై 1889లో తెరచిన పకీప్సీ రైలువంతెన కథయు ఇట్టిదే. 1974లో నిప్పంటుకొని రైళ్లు ఆగినవి. 1984లో అంతటి వంతెన ఒక్క డాలరునకు చేతులు మారినది! 1992లో స్థానికులు సంఘము పెట్టుకొనిరి. 2009 అక్టోబరులో 6,768 అడుగుల నడకదారిగా అది తెరువబడినది. సంఘము పుట్టిన పదునేడేండ్లకు పని నెరవేరినదని గమనింపుడు. ఒక పంటకాలములో ఫలమును కోరువారు ఇట్టి పనికి తగరు. కొబ్బరిమొక్క నాటువాని ఓర్పు కావలెను.

చేతులతో అగునవి, కానివి

ఇందు రెండు విధముల పనులున్నవని మఱవరాదు. దూలముల బలమును లెక్కించుట, తుప్పు తిన్న రేకును మార్చుట, నీటిలోని పునాదులచుట్టు ఇసుక ఎంత కోసుకొనిపోయినదో కొలుచుట – ఇవి నేర్చిన ఇంజనీర్ల పనులు. ఉత్సాహము చాలునని ఎవరును దూలములపైకి ఎక్కరాదు. అట్టి సేవ ప్రాణము మీదికి తెచ్చును.

రెండవ విధపు పనులు సామాన్యుల చేతిలోనివి. రాతిసందులలో మొలచు రావిమొక్కను వ్రేలెడుండగానే పెరికివేయవలెను. అది మ్రానైనచో స్తంభమునే చీల్చును. ఇది తూముల కడ మనమెల్లరము చూచుచున్నదే. వాననీరు నిలువకుండ దారులు తీయుట, చెత్త ఎత్తుట, మరలు దొంగిలింపబడకుండ కావలి యుండుట, క్రొత్త పగులు కనబడగనే అధికారులకు తెలుపుట, పాత పటములను, ఆనాటి పనివారి జ్ఞాపకములను కూర్చుట – వీనికి ధనముకన్న క్రమము ముఖ్యము. పెద్ద మరమ్మతునకు కోట్లు కావలెను. ఆ మరమ్మతు తిరిగి రాకుండ ఆపుటకు ఏటేట పదిమంది చాలుదురు.

మనకు క్రొత్త కాదు

ఈ పద్ధతి మనకు పరదేశమునుండి రావలసినది కాదు. చెరువులు, కాలువలు బాగుచేయుటకు ఊరివారు కలిసి పాటుపడు కుడిమరామత్తు ఆచారము ఈ సీమలో పూర్వమునుండి కలదు. 1858లో మద్రాసు ప్రభుత్వము దానికై చట్టమే చేసినది. కట్ట తెగబోవు వేళ ఊరివారిని నిర్బంధముగ పిలుచుటకు అందు వీలు కలిగినది. నిర్బంధముతో వచ్చినవాడు ప్రొద్దు చూచుకొనును. ఇష్టముతో వచ్చినవాడు పని చూచుకొనును. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చి, దిగువ ఓలేరు కడ కట్ట తెగినది. అట్టి రాత్రులలో కరకట్టపై ఇసుకబస్తాలు మోయువారికి ఎవరి చట్టమును జ్ఞప్తికి రాదు.

సహకార సంఘమున మనము నేర్చినదియు ఇదియే. వాటా చిన్నదైనను పెట్టినవాడు లెక్క అడుగును. లెక్క అడుగువాడున్నచోట సొత్తు చెడదు. కావున పాత వంతెనకైనను, మన ఊరి తూమునకైనను మా సలహా యొకటే. పని మొదలిడునప్పుడే చుట్టుపట్ల ప్రజలకు అందు భాగ మిచ్చి, ఏడాదికొకసారి వారియెదుట లెక్కలు, మరమ్మతులు చదివి వినిపింపవలెను. గోదావరి తీరమున అది జరుగునని ఆశింతము. ఈలోగా సభ్యులు వర్షములకు ముందే తమ కాలువలపై గల చిన్న వంతెనల నొకసారి చూచి, రాళ్లసందులలో రావిమొక్క కనబడినచో అక్కడనే పెరికివేయుదురు గాక.